నాకు దక్కని బాయి ముచ్చట

మా నాన్న ఇరవై తొమ్మిదేళ్లు బొగ్గుబాయిలో దిగాడు. అన్నేళ్లలో బాయి గురించి నాతో ఇరవై తొమ్మిది మాటలు కూడా మాట్లాడలేదు. ఇప్పుడు కోల్‌కతాలో, మా అపార్ట్‌మెంటు కింద బెంచీ మీద కూర్చుని, నిన్నగాక మొన్న పరిచయమైన ముసలాయనకు పూసగుచ్చినట్టు చెబుతున్నాడు. నాకు కడుపు మండదా మరి?

నా చిన్నప్పుడు మా బాయి కాలనీ తెలంగాణకు ఉత్తరపు కొసన ఉండేది, అడవి కొట్టి కట్టింది. బస్సు పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి. వాగు పొంగితే ఆ రెండూ లేవు. ఆరేసిన తెల్లచొక్కా సాయంత్రానికి బూడిదరంగుకు వచ్చేది. షిఫ్టు వదిలాక నాన్న తోటివాళ్లు ఆరుగురితో విరగబడి నవ్వుతూ గేటు దాకా వచ్చేవాడు. అవతల నిలబడి చూసేవాణ్ని. మా వాకిట్లోకి వచ్చేసరికి ఆ నవ్వు ఉండేది కాదు. ఎంత రుద్దుకున్నా రెప్పల అంచున బొగ్గు కాటుకలా మిగిలేది. ఆ కళ్లతోనే తలవంచుకుని తినేవాడు.

“లోపల ఏముంటది బాపూ?” అని అడిగితే, “చీకటుంటది. తిను” అనేవాడు.

ఆయనతో కలిసి దిగే ఆ ఆరుగురి మీద నాకున్న కుళ్లు ఇంతా అంతా కాదు. వాళ్లలో ఒకాయన కొడుకు నా తరగతే. “మీ బాపు బాయిల అందర్ని మస్తు నవ్విస్తడట గదరా” అన్నాడు ఒకరోజు. వాడి పలక విరగ్గొట్టాను. పంతులు చేత తిన్న దెబ్బలకంటే వాడన్న మాటే ఎక్కువ నొప్పెట్టింది.

అమ్మ పోయాక నాన్నను కోల్‌కతాకు, సాల్ట్ లేక్‌లోని మా ఇంటికి తెచ్చుకున్నాను. కింది ఇంట్లో, గార్డెన్ రీచ్ ఓడల డాకులో పనిచేసి రిటైరైన శ్రీకాకుళం వైపు పెద్దాయన ఒకరు కూతురి దగ్గర ఉంటున్నాడు. వారం తిరగకముందే మా నాన్న ఆయనకు బావ అయిపోయాడు. ఆ వరసన నేను అల్లుణ్ని. నన్నెవరూ అడగలేదు.

ఒక శనివారం ఆఫీసు నుంచి వచ్చి క్యాబ్ దిగుతుంటే నాన్న గొంతు వినిపించింది. ఆయనకు అంత గొంతు ఉందని నాకు తెలియదు.

“పైకప్పును కట్టెతోని కొట్టి చూడాలె బావా. కణకణ అంటే గట్టిగున్నట్టు. డొల్ల పల్కిందంటే ఉరుకుడే.”

“ఓర్నాయనో! నూతిలో అంత కతుందేటి బావా?”

“నుయ్యి గాదయ్యా, బాయి.”

“రెండూ ఒకటే కదేటి!”

ఇద్దరూ కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వారు. పొరుగింటి పుల్లకూర రుచి అంటారు. మా నాన్నకు పొరుగింటి చెవులు రుచి.

ఆ సాయంత్రం టీ ఇస్తూ అడిగేశాను. నలభై మూడేళ్లవాణ్ని, ఆఫీసులో నా కింద ఇరవై మంది పనిచేస్తారు. గొంతు మాత్రం పలక విరగ్గొట్టినవాడిదే. “ఆయనకు చెప్తవు, నాకెందుకు చెప్పవు?”

నాన్న చాలాసేపు టీ ఊదుకున్నాడు.

“చెప్తే నువ్వు గూడ దిగుత అందువు. బాయి ముచ్చట తియ్యగుంటది కొడుకా. బాయి తియ్యగుండది.”

తండ్రి కొలువు కొడుక్కి వచ్చే రోజులవి. నా ఈడువాళ్లు చాలామంది అలాగే దిగారు. నేను చదువుకోవాలని ఆయన నోరు కట్టుకున్నాడన్నమాట. ఆ మాటకు నా కళ్లు చెమర్చాయి, అబద్ధమెందుకు. కుళ్లు మాత్రం పోలేదు.

“ఇప్పుడు దిగను గదా, చెప్పు” అన్నాను.

మొదలుపెట్టాడు. “టోపీకి లైటు పెట్టుకోని...” అని నా మొహం చూసి ఆగిపోయాడు. “నీకు చెప్పుడు అలవాటు లేదురా. నోరు వస్తలేదు.”

అందుకే ఇప్పుడు ఆదివారం మధ్యాహ్నాలు, నాన్న కునుకు తీసినప్పుడు, మట్టికప్పుల్లో టీ పట్టుకుని కిందికి వెళ్తున్నాను. మా నాన్న ముచ్చట్లు ఆ పెద్దాయన దగ్గర అడుక్కుంటున్నాను. ఆయన తన యాసలో, తన చేతులు తిప్పుతూ చెబుతాడు. వింటున్నంతసేపూ ఒళ్లు మండుతూనే ఉంటుంది, అయినా లేవను.

పోయిన ఆదివారం పైకప్పు కూలిన రోజు దాకా వచ్చాం. ఆ రోజు నాకూ గుర్తుంది. సైరన్ వేళకాని వేళ కూసింది. అమ్మ నన్ను పక్కింట్లో వదిలి గేటు దగ్గరికి ఉరికింది. పొద్దుగూకాక నాన్న వచ్చి, ఎప్పటిలాగే తలవంచుకుని అన్నం తిన్నాడు. మధ్యలో ఏం జరిగిందో ఇన్నేళ్లుగా నాకు తెలియదు.

“రాయి పడిపోనాది అల్లుడూ. మీ నాన్న ఇవతల ఉండిపోనాడు. అవతలున్నోడు మీ నాన్నని పేరెట్టి కేకేసినాడు...” అని ఆయన ఆగాడు. టీ కప్పు పక్కన పెట్టాడు.

“తర్వాత?”

“ఇక్కడి నుంచి నీకు సెప్పొద్దని ఒట్టేయించుకున్నాడు బావ.”

బతిమాలాను. కోప్పడ్డాను. ఆయన తల అడ్డంగా ఊపాడే తప్ప నోరు విప్పలేదు. మా నాన్న సరైన మనిషినే ఎంచుకున్నాడు. అదే నాకు మంట.