వస్తానన్న మాట

మిర్యాలగూడలో ఉండేవాడికి సముద్రంతో ఏం పని? మా ఇంటి ఓనరమ్మ ఎప్పుడూ ఇదే అడిగేది. "సాగర్ కాలువ సూసుకుంట కూసోక, యాడనో సముద్రంల ఉన్నోళ్లతోని నీకేంది సార్ పంచాయితి?" నా రేడియో ఏరియల్ తీగ మీద ఆమె చీరలు ఆరేసిన రోజు మేమిద్దరం పెద్ద గొడవే పడ్డాం.

కాలువ ఆఫీసులో వైర్‌లెస్ ఆపరేటర్‌గా చేసి రిటైరయ్యాను. భార్య పోయాక ఇంట్లో మాట్లాడే మనిషి లేదు. అందుకే ఎక్కడెక్కడి వాళ్ళతోనో మాట్లాడుకునే హామ్ రేడియోకు లైసెన్సు తీసుకుని, సూర్యాపేట నుంచి పాత ట్రాక్టర్ బ్యాటరీ తెచ్చి సెట్టు పెట్టుకున్నాను. చుట్టూ రైస్ మిల్లులు, వాటి మోటార్ల వల్ల సెట్టులో ఒకటే గరగర. సాయంత్రం కరెంటు పోతే వాడకట్టంతా తిట్టుకునేది, నాకేమో పండగ.

అలాంటి ఒక సాయంత్రం తగిలాడాయన. చిన్న తెరచాప పడవలో ఒంటరిగా దేశాలు తిరుగుతున్న ముసలి విదేశీయుడు. అండమాన్ దాటి లంకకు వెళ్తున్నాడు. పడవలో ఇంటర్నెట్ లేదు, రేడియో ఒక్కటే దిక్కు. రోజూ నేను ఫోన్లో వాతావరణం మ్యాపులు చూసి, గాలి ఏ దిక్కు నుంచి వస్తుందో, అలలు ఎంత ఎత్తు లేస్తాయో ఇంగ్లీషులో చెప్పేవాణ్ణి.

మొదటిరోజు చివర్లో అలవాటుగా "ఓకే, ఐ విల్ కమ్" అనేశాను. "ఎక్కడికొస్తారు? ఏ పడవలో?" అన్నాడు కంగారుగా. నాలుక కరుచుకున్నాను. మా దగ్గర పోతానని నోటితో అనకూడదు, వెళ్ళేవాడు కూడా వస్తాననే అంటాడు అని విడమరిచి చెప్పాను. ఆయన పడీపడీ నవ్వాడు. ఆ రోజు నుంచి ఆయనా అదే అనేవాడు. రోజు మొత్తంలో నాకు వస్తానని చెప్పే మనిషి ఆయనొక్కడే.

ఇంతలో వాయుగుండం పుట్టింది, సరిగ్గా ఆయన దారికి అడ్డంగా. దక్షిణానికి దిగమన్నాను. లంక దగ్గరపడింది, తిండి అయిపోవస్తోంది, నేరుగానే వెళ్తానన్నాడు. నాకు ఒళ్ళు మండింది. "నీ మొండితనం పాడుగాను! సచ్చిపోతవయ్యా!" అని తెలుగులోనే అరిచాను.

"ఇదీ వాతావరణమేనా?" అన్నాడు.

"అవును, ముఖ్యమైన వాతావరణం" అన్నాను. చివరికి దిగుతానన్నాడు. "ఐ విల్ కమ్" అన్నాడు. మర్నాటి నుంచి సెట్టులో గరగర తప్ప ఏమీ లేదు.

ఆ వాన మా దాకా వచ్చింది. రోడ్ల మీద ఆరబోసిన వడ్ల మీద పరదాలు కప్పడానికి జనం ఉరికారు. నేను ముందే చెప్పాను గనుక ఓనరమ్మ వడ్లు ఇంట్లోకి చేరాయి. నేను మాత్రం కిటికీ మూసుకుని ఆయన్ని పిలుస్తూ కూర్చున్నాను. భార్య పోయిన కొత్తలో టీ కోసం వంటింట్లోకి కేకేసి, గుర్తొచ్చి ఆగిపోయేవాణ్ణి. మళ్ళీ అట్లాగే అయింది. భయమేసింది, ఏడ్చాను కూడా.

వాన వెలిశాక ఒక సాయంత్రం కరెంటు పోయింది. గొంతు వినబడింది. ఆయనే! ఏరియల్ తెగిపోయిందట, లంక రేవుకు చేరి బాగుచేసుకున్నాడట. "దక్షిణానికి దిగబట్టే బతికాను" అన్నాడు. అబ్బ, ఎంత సంతోషమేసిందో!

తర్వాత మెల్లగా చెప్పాడు. ఇక సముద్రం చాలట. పడవ అమ్మేస్తాడట, రేడియో కూడా దాంతోనే పోతుందట. విమానంలో ఇంటికి వెళ్తాడట. మంచిదన్నాను.

"ఐ విల్ కమ్" అన్నాడు.

బయటికొస్తే ఓనరమ్మ మెట్ల మీద కూర్చుని ఉంది. "మీ దోస్తు బతికిండా సార్?"

"బతికిండమ్మా."

"ఏమంటుండు?"

"వస్తనన్నడు."

ఆమె మొహం విప్పారింది. "గట్లనా! ఎప్పుడొస్తడట? నాటుకోడి కోస్త."

నేనూ ఆమె పక్కన మెట్టు మీద కూర్చున్నాను. మా దగ్గర పోయేవాళ్ళే వస్తానంటారని ఆయనకు నేర్పింది నేనే.