ఎర్రనీళ్ళలో నొప్పి గోలీ

మొన్న గుండె డాక్టరు రాసిచ్చిన చిన్న ఆస్పిరిన్ మాత్రను మింగలేక చిదిమి వేసుకోబోతుంటే మా అమ్మాయి చెయ్యి పట్టుకుని ఆపింది. దాని మీద పొర ఉందట, ఆ పొర కడుపులోని ఆమ్లానికి కరగకుండా పేగుల దాకా వెళ్ళి అక్కడ కరగాలట. బతుకంతా కాలేజీ పిల్లలకు ఆమ్లాలూ క్షారాలూ చెప్పినవాడిని, నాకే పాఠం చెప్పిందే అని నవ్వు వచ్చింది. ఆ నవ్వు వెనకనే, రెండువేల సంవత్సరం దాటిన తొలినాళ్ళలో, భద్రాచలం దారిలో అడవి లోపలున్న ఒక గూడెం గుర్తుకొచ్చింది.

మాది కల్లూరు వైపు వ్యవసాయ కుటుంబం. నా తమ్ముడు ఆ గూడెంలో బడిపంతులుగా ఉండేవాడు. ఎండాకాలం సెలవుల్లో వాడి దగ్గరకు వెళ్ళేవాడిని, వెళ్ళడమంటే ఊరికే వెళ్ళడం కాదు, చేతిలోంచి విభూది రాల్చే స్వాముల గుట్టు విప్పే సరంజామా అంతా సంచిలో వేసుకుని మరీ వెళ్ళేవాడిని. మా తరంవాళ్ళకు తెలుసు, చర్చావేదికల ముందు పెరిగినవాళ్ళం, ఎదుటివాడు నోరు తెరిస్తే చాలు రుజువు అడిగేవాళ్ళం, కళ్ళముందు ఒక్క ప్రయోగం చేసి చూపిస్తే ఎంత పాత మూఢనమ్మకమైనా కూలిపోతుందని నిజంగానే నమ్మినవాళ్ళం.

అది బీడీలు చుట్టే తునికాకు కోసే కాలం. తమ్ముడి పక్కింట్లో ఒక ముసలమ్మ ఉండేది, గూడెమంతా ఆమెను అవ్వ అనే పిలిచేది. వంగి ఆకు కోసి కోసి ఆమె మోకాళ్ళు పట్టేశాయి. సంతలో విడిగా అమ్మే నొప్పి గోలీ, అంటే ఆస్పిరినే, పొద్దున పరగడుపున ఒకటి, మాపటికి ఒకటి వేసుకుని అడవికి పోయేది. కొన్నాళ్ళకు కడుపులో మంట మొదలైంది. మంట కూడా నొప్పే కదా అని దానికీ అదే గోలీ వేసుకుంది. నేను వెళ్ళేసరికి మంచం మీంచి లేవలేకుండా ఉంది, ముఖం పాలిపోయింది, విరేచనం తారులా నల్లగా అవుతోందని ఆమె కోడలు మా మరదలితో చెప్పింది. కడుపు లోపల రక్తం కారుతోందని నాకు అర్థమైంది. వాళ్ళేమో గాలి సోకిందని రోజూ ఎర్రనీళ్ళు దిగదుడిచి దారిలో పారబోస్తున్నారు.

గోలీలకు కడుపులో పుండు పడిందనీ, అవి మానిపించి వెంటనే భద్రాచలం దవాఖానాకు తీసుకుపోవాలనీ చెప్పాను. ఆమె కొడుకు ఒప్పుకోలేదు.

“ఆకు ఇడిసిపెట్టి దవాఖానా చుట్టు తిరుగుమంటవా సారూ? గాలి దిగితే గామెనే లేస్తది. గోలీ గూడ బంజేస్తె నొప్పికే సచ్చిపోతది.”

ఇక మాటలతో లాభం లేదనిపించి, దిష్టి తీసే ఆ ఎర్రనీళ్ళే ఇత్తడి పళ్ళెంలో తెమ్మన్నాను. పసుపులో సున్నం కలిస్తే ఎరుపు, సున్నం క్షారం గనక. అందులో ఏ ఆమ్లం పడ్డా సున్నం విరిగి మళ్ళీ పసుపు పచ్చన అవుతుంది. గోలీ ఆమ్లమని చూపించడానికి ఇంతకంటే ఏం కావాలి? రెండు గోలీలు నలిపి వేసి కలిపాను. ఎరుపు పలచబడి, పచ్చబడింది. గెలిచినవాడిలా తలెత్తి చూశాను.

“పోయింది! దిష్టి పోయింది!” అని చుట్టూ మూగిన గూడెంవాళ్ళు ఒక్కసారిగా అరిచారు. మంచంలోంచి అవ్వ చెయ్యి చాపింది. “జూసినవా, గోలీ పడంగనే గాలి పోయింది. నాకింకో రెండు ఇయ్యుండ్రి.”

గోలీ కీడని చూపించబోతే అది మంత్రమైపోయింది. మళ్ళీ ఎర్రనీళ్ళు కలిపించి ఈసారి నిమ్మకాయ పిండాను. అదీ పచ్చబడింది. “నిమ్మకాయకు దిష్టి పోతదని మాకెర్కలేదా సారూ, గింత దూరమొచ్చి నువ్వు జెప్పాల్నా?” అని ఒకామె అనేసరికి అందరూ గొల్లున నవ్వారు. తలతిప్పుకుని నా తమ్ముడూ నవ్వాడు.

కోపంతో చుట్టూ చూస్తుంటే కోడలు పొయ్యి దగ్గర నానబెట్టిన చింతపండు కనిపించింది. చింతపులుసుతో ఎప్పుడైనా దిష్టి తీశారా అని అడిగాను. “పులుసుతోనా? అన్నంల పోస్కుంటం గని!” అని మళ్ళీ నవ్వారు. మరో పళ్ళెం ఎర్రనీళ్ళలో ఆ పులుసు పోశాను. ఎరుపు పోయింది. ఆ కోడలు గొంతుకూర్చుని పళ్ళెంలోకి తొంగిచూసింది.

“అంటే పుల్లగున్నదేది పోసినా ఎరుపు పోతది. గాలీ లేదు, గీలీ లేదు.” మొగుడివైపు తిరిగింది. “పరగడుపున రోజూ మీ అవ్వకు కడుపుల పుండు మీద పులుసు పోస్తున్నం. జీపు నువ్వు పిలుస్తవా, నేనే పోవాల్నా?”

ఆ పూటే తీసుకుపోయారు. రక్తం ఎక్కించారు. అవ్వ బతికింది.

నేను చూపించింది సగం నిజమేనని నాకు తెలుసు. గోలీ పులుపు ఒక్కటే పుండు చేయదు. జీర్ణాశయంలోని ఘాటైన ఆమ్లంలో ఆస్పిరిన్ తన హైడ్రోజన్‌ను వదలదు, వదలదు కాబట్టే దానికి విద్యుదావేశం ఉండదు, కాబట్టే గోడ కణాల్లోకి సులువుగా జారుకుంటుంది. లోపల ఆమ్లం లేక హైడ్రోజన్‌ను వదిలేస్తుంది, ఇక విద్యుదావేశం వచ్చి వెనక్కు రాలేక అక్కడే చిక్కుకుంటుంది. పైగా గోడను కాపాడే జిగురుపొరను తయారు కానివ్వదు. పాపం చింతపండుకు ఇన్ని విద్యలు లేవు. కానీ ఆ మంచం పక్కన ఇదంతా చెప్పే వ్యవధి లేదు.

వానలు మొదలయ్యాక మళ్ళీ వెళ్ళాను. కృతజ్ఞతలు చెబుతుందేమోనని కొంచెం ఛాతీ విరుచుకునే వెళ్ళాను. అవ్వ గడపలో కూర్చుని ఉంది, కాళ్ళు చాపుకుని.

“గోలీ మాన్పిచ్చినవ్, మంచిగనే జేసినవ్. మరి నా మోకాళ్ళకేం జెప్తవ్ సారూ? అడివిలకైతే పోవాలె గద.”

పండితులకు సభలో బదులు చెప్పినవాడిని, ఆ గడప ముందు నిలబడి ఆమె మోకాళ్ళకేసి చూశాను.

ఇప్పుడు నా ఫోనులోకి రోజూ ఎవరో ఒకరు, నిమ్మరసం ఒంట్లోని ఆమ్లాన్నంతా విరిచేస్తుందనీ, క్షారపు నీళ్ళు తాగితే రోగమే రాదనీ పంపుతుంటారు. తప్పని ఓపిగ్గా రాస్తాను. ఒక దండం బొమ్మ వస్తుంది, మర్నాడు పొద్దున్నే ఇంకొకటి వస్తుంది. నా ముఖాన ఎవరూ నవ్వరు, పళ్ళెంలోకి తొంగిచూసి ఎవరూ మనసు మార్చుకోరు. వాదించి గెలిచిన మనిషిని ఆపి, సరే, మరి నా నొప్పి సంగతేమిటని అడిగేవాళ్ళు అసలే లేరు. బదులు దొరకని ఆ ఒక్క ప్రశ్న కోసమైనా, మళ్ళీ ఎవరి గడప ముందైనా నిలబడాలని ఉంటుంది.