సుగుణమ్మ గారి బిస్కెట్‌లో నల్ల ముక్కలు

నిన్న పొద్దున విమల పోయింది.

వాళ్ళ అబ్బాయి నాకు ఫోన్ చేసేలోపే వాట్సాప్‌లో ఒక వెబ్‌సైట్ లింకు వచ్చింది. ఇన్నేళ్ళు తెలిసిన మనిషి చావుని ఫార్వర్డ్‌లో చదివాను. మళ్ళీ చదివాను. పేరు ఆమెదే.

హెడ్డింగ్ ఇది: ‘హీరోయిన్ బిస్కెట్’ విమల ఇక లేరు.

ఏ హీరోయిన్?

సాయంత్రానికి అదే మాట చాలా చోట్ల కనిపించింది. ఇంట్లోవాళ్ళకి ఒక్క ఫోన్ చేసి కనుక్కున్నవాళ్ళు లేరు. అందుకే రాస్తున్నాను. నేను చూసినవీ, విమల నోట విన్నవీ మాత్రమే.

ఎనభైల్లో యూసుఫ్‌గూడలో మావి పక్కపక్క పోర్షన్లు. నేను అప్పుడే సినిమా బీట్‌లో చేరిన రిపోర్టర్‌ని. విమల హైస్కూల్ పిల్ల. వాళ్ళమ్మ సుగుణమ్మ గారు సినిమాల్లో హెయిర్ డ్రెస్సర్. రేపల్లె వైపు మనిషి.

క్రిస్మస్ వస్తే ఆవిడ బిస్కెట్లు చేసేవారు.

మా ఇళ్ళల్లో ఓవెన్లు ఎక్కడివి? పిల్లలు బడికి వెళ్ళాక పిండి కలిపి, బిస్కెట్లు ఒత్తి ఉంచేవారు. సాయంత్రం స్టీలు పళ్ళాల్లో పెట్టుకుని అందరూ కలిసి వీధి చివర బేకరీకి మోసుకెళ్ళేవాళ్ళు. మన పిండి మనకే కాలి రావాలని అక్కడే బల్ల మీద కాపలా కూర్చోవడం అందరికీ అలవాటు.

ఆ బిస్కెట్లలో ఎప్పుడూ సన్నటి నల్ల ముక్కలు ఉండేవి. బేకరీ అతను మళ్ళీ మాడ్చాడని పిల్లలు గొణిగేవాళ్ళు. ఒకసారి అతని చెవిన పడింది.

“నా బట్టీనేమనకుండ్రి. నలుపు మీ పిండిలనే ఉంది. జర మీ అమ్మనడుగుండ్రి.”

సుగుణమ్మ గారు నవ్వి ఊరుకున్నారు. పిల్లలు నమ్మలేదు, అడగలేదు. ఆ ముక్కలు గిల్లి పక్కన పెట్టి మిగతాది తినేవాళ్ళు.

ఒక ఏడాది జూబ్లీ హిల్స్‌లో ఒక బంగళాలో షూటింగ్. సుగుణమ్మ గారు డబ్బా నిండా బిస్కెట్లు తీసుకెళ్ళి హీరోయిన్‌కి ఇచ్చారు. ఆవిడకి నచ్చాయి. తన చేత్తో యూనిట్ అందరికీ పంచింది. అంతవరకు మంచిదే. వారం తిరిగేసరికి అవి ‘మేడమ్ గారి బిస్కెట్లు’ అయ్యాయి.

ఒక సినిమా వారపత్రిక ఫొటో కూడా వేసింది. హీరోయిన్ చేతిలో డబ్బా. షూటింగ్ లేనప్పుడు స్వయంగా బిస్కెట్లు చేస్తారని కింద రాశారు. డబ్బా సుగుణమ్మ గారిది. ఆ ఫొటోలో హీరోయిన్ జడ వేసింది కూడా సుగుణమ్మ గారే.

హీరోయిన్ కాదనలేదు. పత్రిక సవరించలేదు.

పత్రికకి ఉత్తరం రాస్తానని విమల కూర్చుంది. వాళ్ళమ్మ కాగితం లాక్కున్నారు. “పోనీలేవే. రేపు నన్ను మళ్ళీ పిలవాలా వద్దా?”

తొంభైల మొదట్లో సుగుణమ్మ గారు గుండెపోటుతో పోయారు. ఆ బిస్కెట్ ఎలా చేస్తారో ఎవరికీ చెప్పలేదు. ఎవరూ అడగలేదు కూడా.

విమల పెళ్ళయి వెంగళరావు నగర్ వెళ్ళింది. చిన్న ఓవెన్ కొని అమ్మ బిస్కెట్లు చేయాలని మొదలుపెట్టింది. జీలకర్ర వేసింది. కస్టర్డ్ పౌడర్ వేసింది. మంచి కంపెనీ నెయ్యి తెచ్చింది. ఒక్క నలుసు లేకుండా మైదాని జల్లెడ పట్టింది. చేసిన ప్రతిసారీ మాకు తెచ్చేది.

బాగున్నాయి అంటే కోపం వచ్చేది.

“బాగున్నాయా అని నేనడిగానా? అమ్మవేనా కాదా, అది చెప్పండి రిపోర్టర్ గారూ.”

కాదు అనేవాణ్ణి. డబ్బా మూసి తీసుకుపోయేది. అలా కొన్నేళ్ళు.

ఒకరోజు తను వచ్చేసరికి మా ఆవిడ వెన్న కాస్తోంది. కోస్తా వైపు చాలా ఇళ్ళల్లోలాగే చివర్లో గుప్పెడు మునగాకు వేసింది. విమల గుమ్మంలోనే ఆగిపోయింది. నెయ్యి వంచేదాకా నిలబడి, గిన్నె అడుగున మిగిలిన గసి, వేగి నల్లబడ్డ ఆకుతో సహా వేలితో తీసి నోట్లో పెట్టుకుంది.

వంటింటి గచ్చు మీద కూర్చుండిపోయింది.

సుగుణమ్మ గారూ ఇంట్లోనే మునగాకు వేసి వెన్న కాచేవారు. అందరూ పిల్లలకి అన్నంలో కలిపి పెట్టే గసిని ఆవిడ నలిపి పిండిలో కలిపేవారు. బేకరీ అతను చెప్పింది నిజం.

“జల్లెడ పట్టి పట్టి అమ్మనే తీసి పారేశాను” అంది విమల.

తర్వాత తెచ్చిన డబ్బా తెరిచి చూసి, ఒకటి తిని, అవును అన్నాను. తను ఒక బిస్కెట్ తీసుకుంది. నల్ల ముక్కలు గిల్లకుండా తింది.

ఆ తర్వాత ఇంటి ముందు గదిలో చిన్న షాపు పెట్టింది. ప్యాకెట్ మీద పైన పెద్ద అక్షరాలు: సుగుణమ్మ బిస్కెట్.

జూబ్లీ హిల్స్‌లో కొత్తగా తెరిచిన ఒక రెస్టారెంట్ ఓనరు కారులో వచ్చాడు. బిస్కెట్లు మొత్తం తనే తీసుకుంటాడట, డబ్బా మీద మాత్రం ఆ హీరోయిన్ పేరు ఉండాలట. పేరు ఎవరిదైతే ఏంటండీ, టేస్ట్ మీదే కదా అన్నాడు. నేను అక్కడే ఉన్నాను.

“టేస్ట్ మా అమ్మదండీ. పేరూ మా అమ్మదే ఉంటుంది. టీ తాగి వెళ్ళండి.”

అతను టీ తాగలేదు.

ఇక నిన్నటి వెబ్‌సైట్. వాళ్ళు వేసిన ఫొటో ఆ ప్యాకెట్‌దే. సుగుణమ్మ అన్న పేరున్న పై భాగం కత్తిరించి, అక్కడ హీరోయిన్ పాత ఫొటో అతికించారు.

దీన్ని తెలియక చేసిన పొరపాటు అనను. కత్తిరించాలంటే ముందు ఆ పేరు చదవాలి.

విమల జీవితమంతా కష్టపడింది ఆ ఒక్క పేరు కోసం. పోయిన రోజునే దాన్ని తీసేశారు. నేను ఫోన్ చేస్తే, సార్, హీరోయిన్ పేరుంటేనే చదువుతారు అన్నాడు అక్కడి కుర్రాడు.

సరే. మీరు చదవండి. ఎవరైనా ఆ లింకు పంపితే కింద ఒక్క పేరు రాయండి. సుగుణమ్మ. యూసుఫ్‌గూడ. హెయిర్ డ్రెస్సర్. విమల వాళ్ళమ్మ.

విమలా, మీ అమ్మ దగ్గర హాయిగా ఉండు తల్లీ.

ఈసారి ఉత్తరం నేను రాశాను. కాగితం లాక్కోవద్దని ఆవిడకి చెప్పు.