జమ్లి అవ్వ బోరులో సప్పుడు

2025 జనవరి. అంతకుముందు నెలలో ములుగు అడవుల వైపు భూమి గట్టిగా కంపించింది. పెద్ద కంపం వచ్చిపోయాక కొంతకాలం చిన్నచిన్నవి వస్తుంటాయి. వాటిని పట్టుకోవడానికి భూపాలపల్లి నుంచి నర్మెట్ట, పాలకుర్తి, దంతాలపల్లి దాకా సీస్మోమీటర్లు పెట్టే పని నాకు అప్పగించారు. మనిషి కాలికి తెలియని కదలికను కూడా గీతగా చూపించే యంత్రం అది. ఆ గీతల్ని బట్టి నేల అడుగున రాయిని ఏ దిక్కు ఒత్తిడి నొక్కుతోందో తేల్చడం నా ఉద్యోగం.

దంతాలపల్లి యంత్రానికి లారీల అదురు తగలని చోటు కావాలి. ఒక తండా చివర జమ్లి అనే ముసలావిడ పత్తి చేను దొరికింది. చేను మధ్యలో నీళ్లు పడని బోరు ఉంది. నేను గుంత తవ్వి యంత్రాన్ని దించుతుంటే ఆవిడ వచ్చి గట్టున కూర్చుంది.

"గిది ఏం జేస్తది బిడ్డా?"

"నేల కదిలితే రాసుకుంటది అవ్వా."

"గా దినం ఊగిన సంది నా బోరుల ఏదో మూలుగుతాంది. ఎవ్వలు నమ్ముతలేరు."

నేనూ నమ్మలేదు. ఆమెను చిన్నబుచ్చడం ఇష్టంలేక, చప్పుడు విన్నప్పుడల్లా నాకు మిస్డ్ కాల్ ఇవ్వమన్నాను.

పది రోజుల తర్వాత రికార్డులు తీసుకుని లాప్‌టాప్‌లో తెరిచాను. ఫోన్‌లో ఆమె కాల్స్ పదకొండు. ప్రతి కాల్‌కు ముందు, నిమిషం లోపే, తెర మీద ఒక చిన్న కంపం ఉంది. తండాలో ఎవరికీ తెలియనంత చిన్నవి. మిట్టమధ్యాహ్నం, చేలో ఎండ కాస్తుండగా, పదకొండింటినీ మళ్లీ పోల్చి చూశాను. వెంటనే వెళ్లి బోరు పైపుకు చెవి ఆనించాను. చాలాసేపు ఏమీ లేదు. తర్వాత ఎవరో నిద్రలో పక్కకు ఒత్తిగిలినట్టు, చాలా లోతు నుంచి ఒక మూలుగు పైకి వచ్చింది.

ఆ సాయంత్రం తండావాళ్లు కూడారు. అందరికన్నా కోపంగా ఉన్నది జమ్లి మరిది హర్యా. మొదటి కంపానికి అతని ఇంటి మట్టిగోడ పైనుంచి కింది దాకా పగిలింది.

"వదినె బోరేసి భూమి కడుపుల పొడిచింది. గందుకే గిదంత. బోరు పూడుస్తం. ఆమె కూడ తండల ఉండొద్దు" అన్నాడు.

జమ్లి తలవంచుకుని కూర్చుంది. నేను లాప్‌టాప్ తెరిచి చూపించాను. కంపం నుంచి రెండు రకాల అలలు వస్తాయి. ముందు వచ్చేది పి వేవ్, వెనక వచ్చేది ఎస్ వేవ్. రెండింటి మధ్య ఎంత ఎడముందో అన్ని యంత్రాల్లోనూ చూస్తే కంపం ఎక్కడ, ఎంత లోతున పుట్టిందో తెలుస్తుంది. ఇవి పుట్టింది కిలోమీటర్ల లోతున. బోరు దిగింది కొన్ని వందల అడుగులే.

"మరి ఒత్తుతాంది ఎవరు?" అన్నాడు హర్యా.

"మన నేలంత ఉత్తరం దిక్కు జరుగుకుంట పోయి హిమాలయాలను నూకుతాంది అన్నా. గా ఒత్తిడి గీడి దాక వస్తది. లోపల పాత పగుళ్లున్న కాడ రాయి జారుతది."

"ఎన్నేండ్ల సంది?"

"మనుషులు పుట్టక ముందు సంది."

అందరి చూపులూ కాళ్ల కింది నేల మీదికి పోయాయి. హర్యా, "మల్ల వస్తదా?" అన్నాడు. తెలియదన్నాను. అతను వదినె వైపు చూసి, బోరు జోలికి గాని, ఆమె జోలికి గాని పోనని మాటిచ్చాడు.

వారం తర్వాత, పొద్దున పది దాటాక, నేను మహబూబాబాద్‌లో ఉండగా జమ్లి ఫోన్ వచ్చింది. ఈసారి రింగై ఆగిపోలేదు.

"బిడ్డా, బోరు సప్పుడు బంద్ అయింది. పొద్దుగాల్నించి పైపులకెల్లి గాలి సుత వస్తలేదు. నాకు మంచిగ అనిపిస్తలేదు. అందర్ని ఇండ్లల్లకెల్లి బయటికి పిలువాల్నా?"

భూకంపాన్ని ముందుగా చెప్పడం ఎవరికీ సాధ్యం కాదు. పిలవమంటే లేని భయం పెట్టినదాన్నవుతాను. వద్దంటే ఏమవుతుందో తెలియదు.

"నాకు తెల్వదు అవ్వా. నీకు భయమైతే పిలువు."

ఆమె పిలిచింది. హర్యా నవ్వుతూనే మంచం మీద నుంచి లేచి బయటికి వచ్చాడట. ఫోన్ పెట్టేసిన ఆరు నిమిషాలకు నేల ఊగింది. పగిలిన గోడ ఆ మంచం మీద పడింది. ఎవరికీ ఏమీ కాలేదు.

రిపోర్టులో ఆ కాల్ సమయం కూడా రాశాను. మా పెద్ద అధికారి దాన్ని తీసేయమన్నారు. ఒక్కసారి జరిగినది సాక్ష్యం కాదన్నారు. ఆ మాట నిజమే. మళ్లీ అలాంటిది జరగలేదు కూడా. అయినా తీసేయలేదు. దాన్ని ఎందుకు చేర్చానో రాయవలసిన గడిని ఖాళీగా వదిలేశాను.

యంత్రం పెట్టేముందు అక్కడివాళ్లు ఏం విన్నారో ఇప్పుడు తప్పకుండా అడుగుతాను. చాలాసార్లు ఏమీ ఉండదు. ఒత్తిడి ఏ దిక్కుదో నా గీతలు చెబుతాయి. ఆ ఒత్తిడికి రాయి ఏ రోజున జారుతుందో అవి చెప్పవు. ఆ పొద్దున నా దగ్గర తెలియదన్న మాట తప్ప మరేమీ లేదు. దాన్ని నిజాయితీగా చెప్పినందుకే, నిర్ణయం జమ్లి అవ్వ చేతుల్లో మిగిలింది.