అర నిమిషం ఆగమన్న మనిషి

పోయిన సోమవారం ఆఫీసుకు బయలుదేరుతుంటే, నాకు పని నేర్పిన సార్ భార్య ఫోన్ చేశారు. "మీ సార్ పోయినాడమ్మా," అన్నారు. ఆయనకు చెప్పాల్సిన మాటొకటి నా దగ్గరే ఉండిపోయింది. ఇక మీకే చెప్పుకోవాలి.

అనంతపురంలో మా ఆఫీసు నెట్‌వర్క్ అంతా ఆయన చేతుల మీద పెరిగిందే. కళ్యాణదుర్గం, గోరంట్ల బ్రాంచీల కంప్యూటర్లు పలుకుతున్నాయో లేదో చూడడానికి స్క్రిప్ట్ అనే చిన్న ప్రోగ్రాం రాశారు. అది ఒక్కో బ్రాంచిని పిలుస్తుంది. పలక్కపోతే అర నిమిషం ఆగి మళ్లీ పిలుస్తుంది. మూడుసార్లూ పలక్కపోతేనే ఆ బ్రాంచి పనిచేయడం లేదని ఎర్రగా చూపిస్తుంది. కొత్తలో ఆ ఆగడం చూస్తే నాకు ఒళ్లు మండేది.

"ఎందుకు సార్ ఇంత నిదానం?" అన్నాను.

"ఆడ కరెంటు పోయి వచ్చింటాది. మిషన్ అప్పుడే లేస్తాంటాది. ఒక తూరి పలకలేదని లేనట్టే రాసేస్తే ఎట్లమ్మా?" అన్నారు, తన అన్నం డబ్బాలోని శెనక్కాయల ఊరిబిండి పచ్చడి నా డబ్బా మూతలో వేస్తూ. ఫోన్ చేసినా అంతే. చివరి రింగు దాకా ఉండి, కాసేపాగి మళ్లీ చేసేవారు.

ఎండాకాలంలో ఒకరోజు పెద్దాఫీసరు నా వెనకే నిలబడి రిపోర్ట్ అడిగారు. తొందరగా రావాలని స్క్రిప్ట్‌లో ఆ ఆగే లైను తీసేశాను. రిపోర్ట్ చిటికెలో వచ్చింది, కళ్యాణదుర్గం ఎర్రగా. సార్ మిట్టమధ్యాహ్నం బండేసుకుని పోయారు. అక్కడ అంతా బాగానే ఉంది. సాయంత్రానికి మొహం కమిలిపోయి తిరిగొచ్చి, "నా స్క్రిప్ట్‌లోనే ఏదో తప్పుండాదమ్మా. వయసైపోయినాది నాకు," అన్నారు.

మర్నాడు ఆయన రాకముందే ఆ లైను మళ్లీ పెట్టేశాను. ఆయనేమో రెండు రోజులు కళ్లద్దాలు ముక్కు మీదికి జార్చుకుని లేని తప్పు కోసం వెతికారు. పక్కనే కూర్చుని చూస్తూ ఊరుకున్నాను, సిగ్గులేకుండా.

ఆయన మంచం పట్టారని తెలిశాక, ఇప్పుడైనా చెప్పేద్దామని ఫోన్ చేశాను. మోగింది, ఎత్తలేదు. నిజం చెప్తున్నా, ఎత్తనందుకు హమ్మయ్య అనుకున్నాను. మళ్లీ చేయలేదు.

మొన్న వాళ్లింటికి పలకరించడానికి వెళ్తే సార్ భార్య అన్నారు: "ఆ పొద్దు నువ్వు ఫోన్ చేసినావు గదా. లేచి కూర్చునేలోపలే కట్టయిపోయింది. 'మళ్లా చేస్తుందిలే' అని దిండు పక్కనే పెట్టుకున్నాడమ్మా."

ఫోన్ ఇంకా అక్కడే ఉంది. ఆమె దానికి ఛార్జింగ్ పెట్టి ఉంచారు.