జోగేశ్వరరావు ఆషాఢ వైరాగ్యం

మండపేట చుట్టుపక్కల జోగేశ్వరరావు కొట్టు తెలియని పెళ్ళివారు తక్కువ. వంటపాత్రలు, కుర్చీలు, షామియానాలు అద్దెకిచ్చే కొట్టు అది. వాళ్ళ నాన్న పెట్టాడు. పదిమందికి కూర వండే కళాయి దగ్గర నుంచి, మనిషి దిగి స్నానం చేయగలిగినంత గుండిగ దాకా అందులో దొరుకుతాయి. ఎవరింట్లో పప్పన్నం పెట్టాలన్నా ముందు పంతులు గారి గుమ్మం ఎక్కి, ఆ తర్వాత ఈ కొట్టు గుమ్మం ఎక్కవలసిందే.

ఇంత పేరున్న మనిషికి ఒక్కటే జబ్బు. ఆషాఢమాసం రాగానే వ్యాపారం మీద విరక్తి పుడుతుంది. శ్మశానంలో పుట్టేది శ్మశాన వైరాగ్యం, పురిటి మంచం మీద పుట్టేది ప్రసూతి వైరాగ్యం అని పెద్దలు పేర్లు పెట్టారు గాని, ఆషాఢంలో పుట్టేదానికి పేరు పెట్టడం మర్చిపోయారు. వాళ్ళెవరికీ అద్దె సామాను కొట్టు ఉండి ఉండదు.

ఆషాఢంలో పెళ్ళిళ్ళు ఉండవు. జ్యేష్ఠంలో ఊళ్ళమీదకి వెళ్ళిన సామానంతా అప్పటికి కొట్టు చేరుతుంది. జోగేశ్వరరావు పీట వేసుకుని కూర్చుని ఒక్కొక్కటే తిప్పి చూస్తాడు. మనుషుల బుద్ధులు అప్పుడు బయటపడతాయి. ఒక గుండిగలో పరమాన్నం అడుగంటి, ఇసుక పెట్టి రుద్దినా వదలదు. జల్లిగరిటెలు వెళ్ళినన్ని రావు. కుర్చీకి మూడు కాళ్ళే మిగులుతాయి. ఇదేమిటని అడిగితే, "మీరు ఇచ్చినప్పుడే అలా ఉందండి, ఆయ్," అంటారు, మర్యాద ఎక్కడా తగ్గకుండా. తిట్టినవాడితో దెబ్బలాడవచ్చు గాని, అండి అన్నవాడిని ఏం చేయగలం?

"ఈ దిక్కుమాలిన వ్యాపారం నావల్ల కాదు. ఎవడికో ఒకడికి అమ్మేసి హాయిగా కూర్చుంటాను," అని ఆ సాయంత్రం ఇంట్లో ప్రకటిస్తాడు.

"వద్దండి. మావయ్యగారు పెట్టిన కొట్టు," అంటుంది ఆయన భార్య సూర్యకళ.

అయినా వినకుండా మంచిరోజు చూడమని పంతులు గారి దగ్గరికి వెళతాడు. ఆ బజారులో వర్తకులు కొత్త తక్కెడ కొనాలన్నా, పాతది అమ్మాలన్నా తిథి చూడందే చేయరు. పంతులు గారు నవ్వి, "ఆషాఢంలో మంచిరోజు ఎక్కడిదయ్యా? శ్రావణం రానీ," అంటారు. శ్రావణం వస్తుంది. దానితోపాటు పెళ్ళివారూ వస్తారు. కాఫీ తాగడానికే తీరిక లేని మనిషి కొట్టు ఎత్తేసే సంగతి ఏం ఆలోచిస్తాడు? మానేయాలనిపించినప్పుడు ముహూర్తం ఉండదు, ముహూర్తం ఉన్నప్పుడు మానేయాలనిపించదు. సంసారాలు నిలబడడానికి ఇలాంటి ఏర్పాట్లు కొన్ని ఉండాలి.

ఈ ఏడు ఆ ఏర్పాటు చెడింది.

బైపాసు రోడ్డు మీద కొత్తగా వెలిసిన ఫంక్షన్ హాళ్ళకి కేటరింగువాళ్ళు తమ సామాను తామే తెచ్చుకుంటున్నారు. జోగేశ్వరరావు గుండిగలు పెళ్ళిళ్ళకన్నా దినకార్యాలకే ఎక్కువగా వెళుతున్నాయి. దానికి కూడా ఆయన సర్దుకున్నాడు గాని, జ్యేష్ఠం చివర ఒక పెళ్ళికొడుకు తమ్ముడు సొట్టపడిన గంగాళం తెచ్చి దింపుతూ, "ఇవి ఇంకా ఎవరు వాడుతున్నారండి అంకుల్?" అన్నాడు. కుర్రవాడు వెటకారానికి అనలేదు, నిజంగానే తెలుసుకుందామని అడిగాడు. అందుకే అది మరీ గుచ్చుకుంది.

ఆషాఢం పాడ్యమి నాడే జోగేశ్వరరావు ప్రకటన చేసేశాడు. సూర్యకళ కరివేపాకు దూస్తోంది.

"సరేనండి," అంది.

వినపడలేదేమో అనుకుని, గొంతు పెంచి మళ్ళీ చెప్పాడు.

"విన్నానండి. అమ్మేద్దురూ. మీరు మాత్రం ఎన్నాళ్ళని మొయ్యగలరు?"

బలంగా తోస్తున్న తలుపుని అవతల నుంచి ఎవరో తీసేసినట్టయింది ఆయనకి. ఆమె 'వద్దండి' అన్నాక అనవలసిన మాటలన్నీ నాలుగు రోజులుగా సిద్ధం చేసుకున్నాడు. అవన్నీ నోట్లోనే ఉండిపోయాయి. అన్నం తినబుద్ధి కాలేదు.

కొనేవాడు కూడా వెంటనే దొరికాడు. పల్లంరాజు అని, భీమవరం వైపు మనిషి. రొయ్యల చెరువుల మీద సంపాదించి, ఇటు ఒక ఫంక్షన్ హాలు కడుతున్నాడు. సామానంతా ఒకేసారి కావాలన్నాడు. పారిపోతాడులే అని జోగేశ్వరరావు నోటికి వచ్చిన పెద్ద ధర చెప్పాడు.

"ఆయ్, అలాగేనండి," అన్నాడు పల్లంరాజు.

బేరమాడని మనిషిని చూస్తే ఏ వర్తకుడికైనా గుండె జారుతుంది. జోగేశ్వరరావు అక్కడ నుంచి తిన్నగా పంతులు గారి దగ్గరికి పరిగెత్తాడు. "ఈ శ్రావణంలో మంచిరోజులు ఉన్నట్టు లేవు కదండీ?" అన్నాడు ఆశగా. పంతులు గారు పంచాంగం తిరగేసి, "ఉండకేం? దశమి దివ్యంగా ఉంది. నీ జాతకానికి అతికినట్టు సరిపోయింది," అన్నారు. ఎప్పుడు ఏ ముహూర్తం అడిగినా ఏదో ఒక వంక పెట్టే మనిషి, ఆ రోజు మాత్రం ఒక్క దోషం కూడా వెతకలేదు.

బజారులో వాళ్ళు మరీ దుర్మార్గులు. ఒక్కడైనా 'ఎందుకయ్యా' అనలేదు. "అదృష్టవంతులండి, సరైన సమయంలో తప్పుకుంటున్నారు," అని దారిలో ఆపి మరీ అభినందించారు.

శ్రావణం ప్రవేశించింది. పక్క పల్లెల నుంచి ఒకటీ అరా ఫోన్లు మొదలయ్యాయి. జోగేశ్వరరావు చెయ్యి చాపేలోగా సూర్యకళే తీసేది. "లేదండి, మేం మానేస్తున్నామండి," అని మెత్తగా చెప్పేది. ఎవరైనా అడ్డుపడితే బాగుండునని మనసులో మొత్తుకున్నాడు. పైకి మాత్రం, ఇచ్చేవేవో శుభ్రంగా ఇవ్వాలి కదా అని, చింతపండు పెట్టి ఇత్తడి గుండిగలు తోమడం మొదలెట్టాడు. తోమినదాన్ని వేలి కణుపుతో కొట్టి చూసేవాడు. చిల్లు పడిందేమో తెలుసుకోవడానికి కొట్టడం ఆయన అలవాటు. ఇప్పుడు చిల్లు లేదని తెలిసినవాటిని కూడా కొట్టి, ఆ మోత ఆగేదాకా వింటూ కూర్చున్నాడు. వాటిని వదులుకోవాలంటే ఆయనకి ఏడుపు వచ్చింది. యాభై దాటిన మగవాడు గుండిగల కోసం ఏడిస్తే నవ్వుతారని ఏడవలేదు.

దశమి నాడు వాన పడితే వ్యాను రాదనుకున్నాడు. ఆకాశం అద్దంలా ఉంది. వ్యాను టైముకే వచ్చింది. పల్లంరాజు తెల్లబట్టలు వేసుకుని, పళ్ళూ తాంబూలమూ పట్టుకుని దిగాడు. కూలీలు కుర్చీలు ఎక్కించారు. కళాయిలు ఎక్కించారు. పెద్ద గుండిగని ఇద్దరు మనుషులు దొర్లించుకుంటూ గుమ్మం దాకా తెచ్చేసరికి జోగేశ్వరరావు గుమ్మంలో అడ్డంగా నిలబడ్డాడు.

"కాస్త తప్పుకోండి బాబూ," అన్నాడు కూలీ.

ఆయన తప్పుకోలేదు.

"రాజుగారూ, ఒక్క మాటండి," అని గొంతు సవరించుకున్నాడు. "మా ఆవిడకి ఇష్టం లేదండి."

ఇలాంటి ఇరకాటంలో మొగుళ్ళందరూ పట్టుకునే చెట్టుకొమ్మ ఇదే. తరతరాలుగా విరగకుండా కాస్తోంది. పల్లంరాజు కూడా సంసారే కాబట్టి, అర్థమైనట్టు తల ఊపబోయాడు. ఇంతలో టీ గ్లాసుల పళ్ళెం పట్టుకుని సూర్యకళ లోపలి నుంచి వచ్చింది.

"నాకు ఇష్టమేనండి అన్నయ్యగారూ. పట్టుకెళ్ళండి," అంది.

కూలీలు గుండిగని నేలమీద నిలబెట్టేశారు. పల్లంరాజు ఈయన వైపు చూశాడు. సూర్యకళ కూడా చూసింది. జోగేశ్వరరావు రోడ్డు వైపు చూశాడు. అడ్డుపడడానికి అటు నుంచి ఎవరూ రావడం లేదు.

"నాకేనండి," అన్నాడు చివరికి. "నాకే ఇష్టం లేదండి. మాట తప్పుతున్నాను, క్షమించండి. ఈ కొట్టు నాకు కావాలండి." అందరిలోనూ కళ్ళు తుడుచుకోవలసి వచ్చింది.

పల్లంరాజుకి కోపం వచ్చింది, రాకపోతే ఆశ్చర్యపోవాలి. "ఈ ముక్క ఫోన్‌లో చెబితే సరిపోయేది కదండి," అన్నాడు. "హాలు ప్రారంభానికి ఊరంతా పిలిచేశాను. వాళ్ళకి ఇప్పుడు దేంట్లో వండి పెట్టమంటారు?"

"వ్యాను అద్దె నేను ఇచ్చుకుంటానండి. ఆ భోజనాలకి సామానంతా ఊరికే తీసుకెళ్ళండి. నేనే వచ్చి దింపుతాను."

"ఊరికే వద్దులెండి, అద్దె ఇస్తాను," అన్నాడు పల్లంరాజు విసుగ్గా. టీ మాత్రం తాగాడు. ఎక్కించినవన్నీ కూలీలు మళ్ళీ దింపారు. కళాయిల చప్పుడుకి బజారంతా బయటికి వచ్చి చూసింది. ఇక దసరా దాకా వాళ్ళకి మాట్లాడుకోవడానికి లోటు లేదు.

అందరూ వెళ్ళిపోయాక జోగేశ్వరరావు పెద్ద గుండిగకి చేరబడి కూర్చున్నాడు. తల ఎత్తకుండానే అడిగాడు.

"ఏటా వద్దనేదానివి. ఈసారి ఒక్కసారి అని ఉంటే నీ సొమ్మేం పోయేది?"

సూర్యకళ ఖాళీ గ్లాసులు పళ్ళెంలో సర్దుతోంది.

"ఏటా వద్దన్నాను. ఏడాది పొడుగునా ఏ గరిటె పోయినా, ఏ కుర్చీ విరిగినా 'నువ్వు వద్దన్నావు కాబట్టే ఈ కొట్టు నా మెడకి తగులుకుంది' అని నన్నే అన్నారు. నేను కూడా నిజమేననుకున్నానండి. మీకు ఇష్టం లేని పని నా మూలంగా చేస్తున్నారేమోనని ఎన్నిసార్లు బాధపడ్డానో మీకు తెలీదు." గ్లాసులు సర్దడం ఆపి ఆయన వైపు తిరిగింది. "ఇకమీదట గరిటె పోతే ఎవరిని అంటారు?"

జోగేశ్వరరావు చాలాసేపు ఆలోచించాడు. పంతులు గారిని అనే వీలుందేమో కూడా చూశాడు.

"నన్నే అనుకుంటాలే," అన్నాడు.