వల ఊరేగింపుకు అనుమతి

తొంభైల చివర్లో నన్ను వజ్రపుకొత్తూరు వైపు తీరంలో ఒక అవుట్‌పోస్టుకు హెడ్ కానిస్టేబుల్‌గా వేశారు. ఇరవై దాటాక రాత్రిబడిలో అక్షరాలు దిద్ది, ప్రైవేటుగా పది పాసై ఈ ఉద్యోగంలోకి వచ్చినవాణ్ణి. చదువు ఆలస్యంగా వచ్చింది గానీ అనుమానం ముందే ఉంది.

ఆ ఏడాది పక్కపక్కనున్న పై పల్లె, కింద పల్లె సముద్రం మీద తగువుపడ్డాయి. నీటి అడుగున రాళ్లున్న చోట చేప బాగా పడుతుంది. అక్కడ వల ఎవరు వెయ్యాలన్నది పేచీ. పడవల మీదే కొట్టుకున్నారు, తలలు పగిలాయి. కొన్నాళ్లకి పై పల్లె పెద్ద నీలయ్య దరఖాస్తు పట్టుకొచ్చాడు. తాము గెలిచారట, కింద పల్లెవాళ్ల వల గుంజుకున్నారట, దాన్ని డప్పులతో ఊరేగిస్తారట. అదీ కింద పల్లె వీధిలోంచి.

"గెలిసినోళ్లం మేం ఊరేగకపోతే ఓడినోళ్లు ఊరేగుతారేటి హెడ్డుగారూ?" అన్నాడు.

నా పని విచారణ. దారి చూసి, రెండు వైపులా అడిగి, గొడవకు అవకాశం ఉందో లేదో రాసి ఎస్సైగారికి పంపాలి. ఆయన చరిత్రలో ఎం.ఏ. కాగితం చూసి రోమ్ సంగతి చెప్పారు. అక్కడ యుద్ధం గెలిచిన సేనాని తిన్నగా నగరంలోకి రాకూడదట. పొలిమేర బయట ఆగి, గెలిచానని ఉత్తరం పంపాలి. సెనేట్ అనే పెద్దల సభ ఒప్పుకుంటేనే రథమెక్కి, బందీలనూ దోచిన సొత్తునూ ముందు నడిపించుకుంటూ వచ్చేవాడు. సొంత పౌరుల మీద గెలిస్తే ఆ ఊరేగింపు లేదు. పదవి కావాలనుకునేవాళ్లకు అది బాగా పనికొచ్చేది, అందుకని దొంగ గెలుపులూ ఉండేవి. ఒక చక్రవర్తి సరైన యుద్ధమే లేకుండా, తన ఏలుబడిలోని మనుషులకే జుట్టుకు ఎర్రరంగు వేయించి శత్రువులుగా చూపాలనుకున్నాడట.

మిగతాది మరిచినా ఈ ముక్క నన్ను పట్టుకుంది. నీలయ్య వల చూశాను. పాతది, చిరుగులు. ఎలా గుంజారంటే ఒకడు తెడ్డుతో అన్నాడు, ఇంకొకడు కొక్కెంతో అన్నాడు. తమ సొంత వలనే తెచ్చి, గుంజుకున్నదని చూపిస్తున్నారనుకున్నాను. రూఢి చేసుకుందామని కింద పల్లె పెద్ద గున్నయ్య దగ్గరికి వెళ్లి, మీ వల పోయిందా అని అడిగాను. నన్ను పడవ చాటుకు తీసుకెళ్లాడు.

"పోనేదు హెడ్డుగారూ, నానే ఇచ్చీసినాను. మూలన పడున్న వల. దానికి బదులు ఆ రాళ్లకాడికి ఇంక రానని నీలయ్య ఒట్టేసినాడు. ఉత్త సేతుల్తో ఎల్తే ఆడి పెత్తనం ఆడి కుర్రోళ్లే ఊడదీత్తారు. ఆడికి గెలుపు గావాల, మాకు సముద్రం గావాల."

మరి ఊరేగింపు మాటేమిటన్నాను.

"మా ఈదిలోంచి వత్తామని ఆడు సెప్పనేదు. మావోళ్లకి ఈ సంగతి తెల్దు. డప్పు ఇంటే కర్రలొట్టుకుని లేత్తారు. ఆ ఈదొక్కటీ తప్పించండి బాబూ."

తిరిగొచ్చి నీలయ్యను ఒట్టు సంగతి అడిగాను. "ఆ ముసిలోడు సెప్పీసినాడేటి?" అని గొంతు తగ్గించాడు. దారి మార్చుకోవడానికి ఒప్పుకున్నాడు.

కింద పల్లె వీధిలోంచి వెళ్తే కొట్లాట ఖాయమని నివేదికలో రాశాను. ఒప్పందం సంగతి ఎస్సైగారికి నోటితోనే చెప్పాను. సొంత వీధి నుంచి సొంత ఒడ్డు దాకా అనుమతి వచ్చింది. బందోబస్తుకు నేనే నిలబడ్డాను. నీలయ్య దండ వేసుకుని వల ముందు నడిచాడు. ఆ వేళకి గున్నయ్య పడవలు రాళ్ల దగ్గర వల వేస్తున్నాయి.

రోమ్ పెద్దలు గెలిచానన్నవాడి ఉత్తరం చదివారు. ఓడినవాణ్ణి ఊరేగించారే గానీ, అతన్ని ఏమైనా అడిగారని ఎస్సైగారు చెప్పలేదు. ఆ తర్వాత సర్వీసున్నంత కాలం ఎవరు గెలిచామని వచ్చినా, ముందు ఓడినవాడి ఇంటికి వెళ్లి అతని దగ్గర ఏం మిగిలిందో చూశాకే నివేదిక మొదలుపెట్టాను.